శంషాబాద్ నుంచి డాలస్: అమ్మతో రెండు ప్రయాణాలు

అమ్మకు 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. డాలస్‌లో ఉన్న అక్క దగ్గరికి ఆమెను రెండుసార్లు తీసుకెళ్లాను. దూరం అదే, కానీ రెండు ప్రయాణాలకూ పోలికే లేదు.

హైదరాబాద్ నుంచి డాలస్‌కు సుమారు 14,400 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానం లేదు కాబట్టి ఎక్కడో ఒకచోట దిగి మారాలి. టికెట్ కొనేటప్పుడు మనం ముందు చూసేది మొత్తం ఎన్ని గంటలు అనే. మొదటిసారి నేనూ అంతే. మధ్యలో గంటా ఇరవై నిమిషాలే ఆగుతుందని సంబరపడి కొన్నాను. తీరా మొదటి విమానమే ముప్పావుగంట లేటు. దిగాక వీల్‌చైర్ తోసే అబ్బాయి అమ్మను ఒక మూల కూర్చోబెట్టి ఇంకొకరి కోసం వెళ్లిపోయాడు. ఇక లాభం లేదని నేనే తోసుకుంటూ పరుగెత్తాను. పాస్‌పోర్టుల కవరు రెండు చేతులతో గుండెకు హత్తుకుని, "మనల్ని వదిలేసి పోతుందేమోరా" అని అమ్మ ఒకటే టెన్షన్. ఎలాగో ఎక్కాం. పెట్టెలు మాత్రం రెండు రోజుల తర్వాత వచ్చాయి. అమ్మ కాళ్ల వాపు తగ్గడానికి వారం పట్టింది.

రెండోసారి దుబాయ్ మీదుగా ఎమిరేట్స్‌లో వెళ్లాం. మధ్యలో మూడు గంటలకు పైగా ఆగేలా చూసుకున్నాను. విజయవాడ నుంచి పొద్దున్నే బయలుదేరి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి, మధ్యాహ్నానికి శంషాబాద్ చేరాం. రాత్రి విమానం కదా అని కారులో కూర్చోబెట్టకుండా అక్కడే ఒక గది తీసుకున్నాం. అమ్మ స్నానం చేసి రెండు గంటలు నిద్రపోయింది. ఆ గది డబ్బులు ఎంతమాత్రం వృథా కాలేదు.

దుబాయ్‌కి సుమారు 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటల లోపే. వీల్‌చైర్ టికెట్‌తోపాటే అడిగి పెట్టుకున్నాను, దానికి అదనంగా ఏమీ తీసుకోలేదు. టెర్మినల్ 3 చాలా పెద్దది, నడిపించే సాహసం చేయకండి. ఇమిగ్రేషన్ దాటక్కర్లేకుండా లోపలే హోటల్ ఉంది. మూడు గంటలకు అనవసరం గానీ, ఎనిమిది గంటలు ఆగాల్సివస్తే పెద్దవాళ్లకు అది తీసుకోవాల్సిందే.

అసలు పరీక్ష ఆ తర్వాతి 12,900 కిలోమీటర్లు. దాదాపు 16 గంటలు. నడవ పక్క సీటు, డాక్టరు చెప్పిన బిగుతు సాక్సులు, రెండు గంటలకోసారి వెనకదాకా నడక. ఏషియన్ వెజిటేరియన్ భోజనం ముందే చెప్పుకుంటే అందరికంటే ముందు తెచ్చిస్తారు. ఎదురుగా తెర మీద మ్యాప్ చూసి, "అమెరికా పడమటి వైపు కదరా, ఇదేంటి పైకి పోతోంది?" అంది అమ్మ. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి లాగితే అది ఉత్తర ధ్రువం వైపే వంగుతుందని చెప్పాను. తిరుగు ప్రయాణంలో పడమటి గాలులు వెనక నుంచి తోయడంతో నాకు గంటకు పైగా కలిసొచ్చింది.

మాత్రల సంగతి మర్చిపోకండి. డాలస్ మనకంటే వేసవిలో పదిన్నర, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. డాక్టరును అడిగి, ఏ బీపీ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఒక్కో స్ట్రిప్ మీద స్కెచ్ పెన్నుతో రాసిపెట్టాను.

బయటికి రాగానే అక్క వంగి ముందు అమ్మ పాదాలు పట్టుకుని చూసింది. ఈసారి వాపు లేదు.