మా బియ్యం మిల్లులో ఎనిమిది కెమెరాలు: ఒక దాళ్వా సీజను వాడిన తర్వాత

దాళ్వా (రబీ) ధాన్యం రావడం మొదలైన వారంలోనే, తణుకు సమీపంలో నేను గుమస్తాగా పనిచేస్తున్న బియ్యం మిల్లులో ఎనిమిది నిఘా కెమెరాలను, ఒక రికార్డరును, యజమాని తన ఫోనులో చూసుకునే యాప్‌ను ఒక సంస్థ వారు అమర్చి వెళ్లారు. వాటి బాగోగులు నాకే అప్పగించారు కనుక, కొనదలచిన ఇతర మిల్లుల వారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

బొమ్మ నాణ్యతకు వంక పెట్టలేను. రాత్రి పూట ఊక దుమ్ము ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో తెల్లని మంచులా అడ్డు వస్తుంది కనుక అద్దాలను తరచుగా తుడవవలసి ఉంటుంది, అంతే. ఒకసారి బస్తాల లెక్కలో లారీ డ్రైవరుకూ మాకూ తేడా వస్తే, కాటా దగ్గరి రికార్డింగు చూసి తప్పు మాదేనని అరగంటలో తేల్చుకున్నాం. లేకుంటే ఆ నింద డ్రైవరు మీద పడి ఉండేది.

నా అభ్యంతరమంతా మనుషుల మీదికి తిప్పిన కెమెరాల గురించే. గోడౌను వెనుక వేపచెట్టు నీడన తవుడు ఎత్తే ఆడవాళ్లు మధ్యాహ్నం క్యారియర్లు విప్పుకుని కాసేపు నడుం వాల్చేవారు. ఆ చెట్టుకు ఎదురుగా, ప్రహరీకి కాపలా అని చెప్పి ఒక కెమెరా బిగించారు. మూడో రోజు నుంచి వారు ఎండలో ఊక గది వెనక్కి వెళ్లి తినడం చూశాను. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. కూలి పనిలో ఉన్నవారు ఇలాంటివి నోరు తెరిచి చెప్పరు.

అంతకన్నా బాధ కలిగించిన సంగతి మరొకటి ఉంది. బస్తాలు మోసే ముఠా మేస్త్రీ ఒకనాడు నా బల్ల దగ్గరకు వచ్చి, "బస్తా ఎగుమతి కూలి రేటు పెంచమని అడుగుదామని మేం మాలో మేం అనుకున్న మాట బాబు గారికి ముందే ఎలా తెలిసిందండీ?" అని అడిగారు. వెతికి చూస్తే రెండు కెమెరాలలో మైకు మొదటి నుంచీ పనిచేస్తూనే ఉంది. అమర్చిన వారు ఆ విషయం మాకు చెప్పలేదు, ఒప్పంద పత్రంలోనూ రాయలేదు. పైగా రిపేరుకు సులువుగా ఉంటుందని ప్రధాన పాస్‌వర్డును తమ దగ్గరే ఉంచుకున్నారు. అంటే మా ఆవరణలోని ఆడవాళ్లను మాకు పేరైనా తెలియని మనిషి ఏ ఊరి నుంచైనా చూడగలడు.

గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఉద్యోగ అవసరాలకూ యజమానికి నష్టం కలగకుండా చూసుకోవడానికీ సమ్మతి లేకుండానే సమాచారాన్ని వాడుకోనిస్తుంది. అయితే ఆ సమాచారానికి తగిన భద్రత కల్పించకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చని కూడా అదే చట్టం చెబుతోంది. కాటా మీద కెమెరా ఆ వెసులుబాటులోకి వస్తుందని ఒప్పుకుంటాను కానీ, కూలి రేటు గురించి పనివారు తమలో తాము మాట్లాడుకునే మాటలు వినడం దాని కిందికి వస్తుందంటే నేను అంగీకరించను.

పరికరంలో దిద్దుబాటుకు వీలుంది, అది దీనిలోని మంచి గుణం. మైకును ఏ కెమెరాకు ఆ కెమెరాకు ఆపవచ్చు. బొమ్మలో కొంత భాగాన్ని నల్లగా కప్పివేయవచ్చు. ప్రత్యక్షంగా చూసే అనుమతి ఒకరికి, పాత రికార్డింగు తెరిచే అనుమతి మరొకరికి విడివిడిగా ఇవ్వవచ్చు. యజమానికి విషయం వివరించగా ఆయన ఒప్పుకుని మైకులు ఆపించారు, పాస్‌వర్డు మార్పించారు. 2 టెరాబైట్ల డిస్కులో మాకు సుమారు 12 రోజుల రికార్డింగు నిలుస్తోంది. ఇంకా పెద్ద డిస్కు కొనమని సంస్థ వారు అంటున్నారు, వద్దని నేను చెప్పాను. సరుకు తగాదా ఏదైనా ఆ లోపే బయటపడుతుంది.

పరికరానికి ఐదుకు నాలుగు, అమర్చిన సేవకు ఒకటి ఇస్తున్నాను. వేపచెట్టు వైపు కెమెరాను గేటు మీదికి మార్చడానికి వారు వచ్చే వారం వస్తామన్నారు; అప్పటివరకు ఆ చెట్టు నీడ పడే చోటును తెర మీద నల్లగా కప్పి ఉంచాను, ఆ సంగతి ఆడవాళ్లకు తెర చూపించి మరీ చెప్పాను.