అరచేతి చెమటకు కరెంటు నీళ్లు: మూడేళ్లుగా వాడుతున్నాను

నెల్లూరు చిన్నబజారులో చీరల కొట్లో సేల్స్‌మన్‌ని. ఎనిమిదో తరగతి నుంచీ నాకు అరచేతుల్లో చెమట. పరీక్షల్లో పేపరు మీద రుమాలు వేసుకుని రాసేవాణ్ని. అది ఎలాగో గడిచింది. పట్టుచీర దగ్గర కుదరలేదు. ఒకసారి పెళ్లివాళ్ల ముందు లేత గులాబీ చీర మడత విప్పితే నా నాలుగు వేళ్లూ దాని మీద అచ్చుపడ్డాయి. ఓనరు ఏమీ అనలేదు గానీ మర్నాటి నుంచి కాటన్ చీరల వైపు కూర్చోబెట్టాడు.

చర్మం డాక్టరు థైరాయిడ్, షుగర్ చూసి, అవేం లేవన్నాక అల్యూమినియం క్లోరైడ్ రాశారు. రాత్రి పూసి పొద్దున కడిగేయాలి. చంకల్లో బాగా పనిచేసింది. అరచేతుల్లో మంటే మిగిలింది. చెయ్యి పూర్తిగా ఆరాక పూయాలట. ఆరేదైతే డాక్టరు దాకా ఎందుకు పోతాను?

గ్లైకోపైరోలేట్ మాత్రలకు చేతులతో పాటు నోరూ ఎండిపోయింది. మే నెల ఎండలో ఒళ్లంతా చెమట ఆగితే వడదెబ్బ ప్రమాదమని డాక్టరే ఆపించారు. బొటాక్స్ అంటే కొన్ని నెలలకోసారి అరచేతి నిండా సూదులు, నాకు ధైర్యం చాల్లేదు. నరం కత్తిరించే ఆపరేషన్ చేయించుకుంటే చెమట వీపుకో పొట్టకో మళ్లొచ్చన్నారు.

చివరికి అయాంటోఫోరెసిస్ మిషన్ కొన్నాను. రెండు ట్రేల్లో నీళ్లు పోసి, చెరో దాంట్లో చెయ్యి పెట్టి 20 నిమిషాలు కూర్చోవాలి. సన్నగా కరెంటు పోతుంది. "నీళ్లలో కరెంటు పెట్టి చేతులు ముంచేదేంది నాయనా!" అని అమ్మ గోల. మొదటి వారం ఏమీ కాలేదు. తప్పు నాదే. శుభ్రంగా ఉంటాయని క్యాన్ నీళ్లు పోశాను. ఆర్ఓ నీళ్లలో ఉప్పులు తక్కువ, కరెంటు సరిగా పోదు. మా బోరు నీళ్లు పోయగానే వేళ్లు జివ్వుమన్నాయి. కాఫీకి పనికిరాని నీళ్లు దీనికి పనికొచ్చాయి! వారానికి నాలుగుసార్లు పెడితే మూడో వారానికి చేతులు ఆరాయి.

ఇప్పుడు వారానికోసారి, రోహిణి కార్తెలో రెండుసార్లు. దసరా రద్దీలో రెండు వారాలు మానేస్తే మళ్లీ మొదటికొచ్చింది. గోటి పక్కన చిన్న చీలిక ఉన్నా సూది గుచ్చినట్టే, వ్యాజిలిన్ రాయాలి. ఉంగరం తీసేయాలి. మధ్యలో చెయ్యి ఎత్తితే చురుక్కుమంటుంది. గర్భిణులు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాడకూడదు.

పోయిన శ్రావణంలో ఓనరు మళ్లీ పట్టు వైపు పంపాడు. లేత రంగు చీర తీసే ముందు చెయ్యి ప్యాంటుకు తుడుచుకోవడం మాత్రం ఇంకా మానలేదు.