సెస్నా 140 ఫ్యూయల్ గేజ్ లీకు: రిపేరు చేసిన ఆరేళ్ల తర్వాత

మా విమానం 1946 నాటి సెస్నా 140. టెక్సాస్‌లో ఒక చిన్న ఎయిర్‌ఫీల్డ్‌లో, రేకుల హ్యాంగర్‌లో ఉంటుంది. దాని ఫ్యూయల్ గేజ్‌లు రెండూ విప్పి బాగు చేసుకుని ఆరేళ్లు దాటింది. ఎడమ గేజ్ ఈ ఆరేళ్లలో ఒక్క చుక్క కూడా కారలేదు. కుడిది మాత్రం మూడో ఏడు మళ్లీ చెమర్చింది. రెండూ ఒకే రోజు, ఒకే చేత్తో చేసినవే. మరి తేడా ఎందుకొచ్చిందో పాత విమానాలు నడిపేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఈ విమానంలో గేజ్ ఎదురుగా ప్యానెల్ మీద ఉండదు. రెక్క కేబిన్‌ను కలిసే చోట, మన తలకు కాస్త పైగా, ట్యాంకుకే బిగించి ఉంటుంది. లోపల పెట్రోలు మీద తేలే ఫ్లోట్ లేస్తే ముల్లు లేస్తుంది, ఫ్లోట్ దిగితే దిగుతుంది. వైరు లేదు, కరెంటు లేదు. ఆ సింప్లిసిటీ నాకు చాలా ఇష్టం. కానీ గేజ్‌కూ ట్యాంకుకూ మధ్య లీకు కాకుండా వేసే పట్టీ, అంటే గ్యాస్కెట్ పోయిందంటే పెట్రోలు నేరుగా కేబిన్‌లోకే వస్తుంది. ఒక్కో రెక్కలో 12.5 గాలన్లు, మొత్తం 25. అందులో వాడుకోగలిగేది 21. పంపు కూడా లేదు, పైనుంచి ఇంజిన్‌కు దానంతటదే దిగుతుంది. అంతా మన నెత్తి మీదే ఉంటుందన్నమాట.

మొదట పసిగట్టింది మా ఆవిడ. "ఏమండీ, పెట్రోలు వాసన రావట్లేదూ?" అంది. ఇప్పుడే కదా నింపాం, చేతులకు అంటుకుని ఉంటుందిలే అన్నాను. రెండు వారాల తర్వాత నా తెల్ల చొక్కా ఎడమ భుజం మీద నీలం మరక చూపించింది. మేం వాడే 100ఎల్ఎల్ ఏవ్‌గ్యాస్‌కు, అంటే విమాన పెట్రోలుకు, నీలం రంగు కలుపుతారు. పెట్రోలు ఆవిరైపోయినా రంగు మిగిలిపోతుంది. వెళ్లి చూస్తే గేజ్ కింద లోపలి గుడ్డ మీద వేలంత పొడవున నీలి చార, అంచుల్లో పొడిలా రాలుతోంది.

ట్యాంకు సగానికి తగ్గితే కారడం ఆగిపోయేది. నిండుగా నింపి ఎండలో నిలిపితే, పెట్రోలు వేడికి వ్యాకోచించి, మధ్యాహ్నానికి మళ్లీ మొదలయ్యేది. తెల్ల టిష్యూ పేపరు చుట్టూ అద్దుతూ వెళితే ఎక్కడ నీలం అంటుకుందో అక్కడే లీకు. సగం ట్యాంకుతో సర్దుకుని ఎగిరేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. మూసి ఉన్న కేబిన్‌లో పెట్రోలు ఆవిరితో ఎగరడం ప్రాణాలతో చెలగాటం.

నేను చేసిన మొదటి తప్పు స్క్రూలు ఇంకాస్త బిగించడం. నెల రోజులు బాగానే ఉంది, తర్వాత రెట్టింపు కారింది. అప్పుడు ఒక మెకానిక్ చుట్టూ మామూలు సిలికాన్ పూశాడు. కార్లకు వాడే సిలికాన్ పెట్రోలుకు ఆగదు. కొన్ని నెలలకు అది ఉబ్బి జెల్లీలా అయింది. పెట్రోలును వడగట్టే ఫ్యూయల్ స్ట్రెయినర్ విప్పితే అడుగున నానిన సగ్గుబియ్యం లాంటి ముక్కలు కనిపించాయి. నాకు ఒళ్లు జలదరించింది. అవి ఇంకొన్ని పేరుకుని ఉంటే ఇంజిన్‌కు పెట్రోలు అందేది కాదు. లీకు కన్నా ఆ రిపేరే పెద్ద ప్రమాదం.

తర్వాత పాత విమానాలు బాగా తెలిసిన మరో ఏ అండ్ పీ మెకానిక్ (విమానం బాడీకీ ఇంజిన్‌కూ లైసెన్సు ఉన్న మెకానిక్) దగ్గరికి వెళ్లాను. అమెరికాలో ఓనరు సొంతంగా చేసుకోదగ్గ పనుల జాబితాలో గేజ్ విప్పడం లేదు. అందుకని ఆయన పక్కనే ఉండి చెబుతుంటే నేను చేశాను, చూసుకుని లాగ్‌బుక్‌లో ఆయన సంతకం చేశారు. హ్యాంగర్ తలుపులు బార్లా తీసి, బ్యాటరీ కనెక్షన్ తీసేసి, విమానానికీ డబ్బాకూ ఎర్త్ వైరు తగిలించి ట్యాంకులు ఖాళీ చేశాం. ఏవ్‌గ్యాస్‌లో సీసం ఉంటుంది కాబట్టి గ్లౌజులు తీయలేదు.

పాత కార్క్ గ్యాస్కెట్ వేలు తగలగానే అప్పడంలా విరిగింది. అంతకుముందు చలికాలమంతా ట్యాంకులు ఖాళీగా ఉంచి విమానాన్ని నిలిపేశాను. తడి లేకపోతే కార్క్ ఎండి కుంచించుకుపోతుందట. స్క్రూలు గట్టిగా బిగించిన పాపం కూడా అక్కడే బయటపడింది. గేజ్ అంచును చదునైన గాజుపలక మీద పెడితే స్క్రూ స్క్రూకీ మధ్య విల్లులా లేచి ఉంది, సందులోంచి వెలుతురు కనిపిస్తోంది. అలాంటి అంచు కింద ఎంత మంచి గ్యాస్కెట్ వేసినా నిలవదు. మెల్లగా చదును చేసి, గీతలు పడకుండా ప్లాస్టిక్ గీకుడు పుల్లతో పాత మడ్డంతా తీసి, కొత్త నైట్రైల్ రబ్బరు గ్యాస్కెట్ వేశాం. స్క్రూలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాం. రబ్బరు కాస్త నొక్కుకుంటే చాలు, బయటికి ఉబ్బకూడదు.

ఎడమవైపు గేజ్‌కు ట్యాంకును ఆనే గ్యాస్కెట్, అద్దం చుట్టూ ఉండే గ్యాస్కెట్ రెండూ మార్చాం. కుడిదానికి వచ్చేసరికి చీకటి పడింది. అద్దం గ్యాస్కెట్ చూడ్డానికి బాగానే ఉంది, ఉండనిద్దాం అన్నాను. మూడో ఏడు చెమర్చింది సరిగ్గా అక్కడే. మళ్లీ ట్యాంకు ఖాళీ చేయడం, మళ్లీ ఒక శనివారం మొత్తం. అది కూడా మార్చాక ఈరోజు వరకు పొడిగానే ఉంది.

బిగించాక చేయాల్సిన ఇంకో పని చాలామంది వదిలేస్తారు. 140 తోకచక్రం విమానం, నేల మీద ముక్కు పైకెత్తి ఉంటుంది కాబట్టి ట్యాంకులో పెట్రోలు వెనక్కి జరుగుతుంది. తోకను స్టాండు మీదికెత్తి, ఎగిరేటప్పుడు ఉన్నట్టు సమంగా పెట్టి, రెండేసి గాలన్లు పోస్తూ ముల్లు ఎక్కడుందో రాసుకున్నాం. ఒక్కో ట్యాంకులో వాడుకోలేని రెండు గాలన్లే మిగిలినప్పుడు ముల్లు సున్నా మీద ఉండాలి. మావి రెండూ ఉన్నాయి. గేజ్ సున్నా దగ్గర కరెక్టుగా ఉంటే చాలనే మాట తరచూ వింటుంటాను, నేను ఒప్పుకోను. ప్రతి ట్యాంకుకూ ఎంత ఉందో చూపించే గేజ్ ఉండాలనే అమెరికా విమానయాన నిబంధన 91.205 చెబుతోంది.

తోక దించాక అదే కొలత ఒక చెక్క పుల్ల మీద కూడా గీసుకున్నాను. చిన్నప్పుడు మా నాన్నగారి స్కూటర్‌కు పెట్రోలు ముల్లు లేదు. మూత తీసి, బండి ఊపి, లోపలికి తొంగి చూసి బయల్దేరేవారు. నేనూ అంతే, గేజ్ ఎంత బాగా పనిచేస్తున్నా పుల్ల ముంచి చూడందే ఇంజిన్ స్టార్ట్ చేయను.

ఇప్పుడు చలికాలంలో ట్యాంకులు నిండుగా ఉంచి హ్యాంగర్ తలుపు వేస్తాను. మరక పడ్డ గుడ్డ తీసేసి తెల్లది వేయించాం. ఎగిరే ముందు మా ఆవిడ గేజ్ కింద ఒకసారి వేలితో రాసి, ఆ వేలు నాకు చూపిస్తుంది.