లార్న్‌లో ఒక రాత్రి, చీకట్లో ఒక నాటకం

వేల్స్‌లోని ఆ ఊరి పేరు ఇంగ్లీషులో రాయాలంటే తొమ్మిది అక్షరాలు కావాలి. పలికేటప్పుడు మాత్రం ‘లార్న్’ అంతే. మా గుంటూరోడు బస్సెక్కి ‘లాఫార్నే’ అన్నాడు. డ్రైవరు నవ్వకుండా టికెట్ ఇచ్చాడు, పాపం.

పన్నెండేళ్ల కిందట స్వాన్సీలో చదువుకునేటప్పుడు మేం నలుగురం ఒకే ఇంట్లో అద్దెకుండేవాళ్లం. ఒక వానరాత్రి కరెంటు పోతే, ఎవరి ఫోన్లోనో ఉన్న ‘అండర్ మిల్క్ వుడ్’ రేడియో నాటకం పెట్టుకుని విన్నాం. వేల్స్ కవి డిలన్ థామస్ రాశాడు. లారెగబ్ అనే వేల్స్ పల్లెలో ఒక వసంతకాలపు రాత్రితో మొదలై, మళ్లీ చీకటి పడేదాకా ఊళ్లోవాళ్ల కలలు, గొణుగుళ్లు, గొడవలు. కథంటూ పెద్దగా ఏమీ లేదు. ఊరి పేరును తిరగేసి చదివితే ఇంగ్లీషు బూతు వస్తుంది, ‘ఇక్కడేమీ లేదు పో’ అన్నట్టు. 1954లో పుస్తకంగా అచ్చేసినప్పుడు మర్యాద కోసం స్పెల్లింగు మార్చారట. ఆ నాటకాన్ని ఆయన కాపురమున్న ఊళ్లోనే మళ్లీ విందామని ఈ ఏప్రిల్‌లో నలుగురం కలిశాం.

కార్మార్థెన్ దాకా రైలు, అక్కడి నుంచి ఇరవై కిలోమీటర్లు బస్సు. బస్సులు తక్కువ. టైమ్‌టేబుల్ చూసుకోకుండా బయల్దేరకండి. మేం చూసుకోలేదు, గంటన్నర స్టాండులోనే కూర్చున్నాం.

ఊరు చిన్నది, కాళ్లకు పని తప్ప జేబుకు పెద్దగా ఖర్చు లేదు. థామస్ 1949 నుంచి చనిపోయేదాకా ఉన్న బోట్‌హౌస్ ఇప్పుడు మ్యూజియం. కిందికి దిగే మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఒకసారి ఆలోచించుకోండి. నన్నడిగితే దానికంటే ముందు దారిలో కనిపించే, ఆయన కూర్చుని రాసుకున్న షెడ్డే అసలు చూడాల్సింది. ఒకప్పుడది కారు షెడ్డు. లోపలికి పోనివ్వరు, అద్దంలోంచి చూడాలి. బల్ల, నేలమీద ఉండచుట్టి పారేసిన కాగితాలు, కుర్చీకి తగిలించిన కోటు. ఆయన ఇప్పుడే పక్క సందులోకి వెళ్లినట్టు సర్దిపెట్టారు. వేషమేనని తెలుసు, అయినా పది నిమిషాలు ముక్కు అద్దానికి ఆనించి నిలబడ్డాను. ఎదురుగా టాఫ్ నది సముద్రంలో కలిసేచోటు. పోటు తీసినప్పుడు అంతా బురదా కొంగలే.

కోట బయటినుంచి చూసినా చాలనిపించింది. సెయింట్ మార్టిన్ చర్చి మాత్రం వదలొద్దు. చుట్టూ నల్లరాతి సమాధులు, వాటి మధ్య తెల్లరంగేసిన చెక్క సిలువ. ఒకవైపు ఆయన పేరు, వెనకవైపు భార్య కైట్లిన్ పేరు. న్యూయార్క్‌లో 1953 నవంబరులో పోయినప్పుడు ఆయనకు 39 ఏళ్లే. రెండున్నర నెలలకు, 1954 జనవరి 25న, బీబీసీ ఈ నాటకాన్ని ప్రసారం చేసింది. రేడియోలో తన నాటకం తనే వినలేదు.

బస సంగతి. హోటళ్లు ఖరీదనిపించి ఒక చిన్న బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లో రెండు గదులు తీసుకున్నాం. దుప్పట్లు శుభ్రం, పొద్దున టిఫిను బ్రహ్మాండం, వేడివేడి వెల్ష్ కేకులు అడిగినన్ని పెట్టారు. కానీ రాత్రి పదికల్లా హీటర్ ఆపేశారు. అడిగితే ‘ఏప్రిల్ కదండీ’ అన్నారు. భోజనం ఇంకో కథ. మేం వెళ్లిన పబ్బులో ఎనిమిదికే వంటగది కట్టేశారు. మా నలుగురిలో ఒకరైన అక్క ముందుచూపుతో తెచ్చిన పులిహోర లేకపోతే పస్తే.

పదకొండింటికి నలుగురం ఒకే గదిలో చేరి, దుప్పట్లు కప్పుకుని, లైట్లు ఆర్పేశాం. 1954 నాటి రికార్డింగే పెట్టాం, నటుడు రిచర్డ్ బర్టన్ గొంతుతో. 1972లో సినిమా కూడా తీశారు గానీ, నన్నడిగితే ఇది కళ్లకు సంబంధించిన సరుకు కాదు. చిన్నప్పుడు మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం ఆకాశవాణి నాటకం వచ్చేటప్పుడు తాతయ్య కళ్లు మూసుకునేవాడు. నిద్రపోయాడేమోనని కట్టేయబోతే ‘ఉంచరా’ అనేవాడు. అలా వినాలి దీన్ని.

అప్పట్లో మేం పగలబడి నవ్వింది పెళ్లాం మీద విషప్రయోగానికి మనసులో వంటకాలు వండుకునే ప్యూ గారికి. ఈసారి నవ్వు ఆగ్‌మోర్-ప్రిచర్డ్ ఆవిడ దగ్గర మొదలైంది. చచ్చిపోయిన ఇద్దరు మొగుళ్లకీ కలలో కూడా ఇంటిపనుల జాబితా అప్పజెప్పించే మనిషి. ఎండ ఇంట్లోకొచ్చేముందు చెప్పులు తుడుచుకునేలా చూడమంటుంది. ఆ మాట రాగానే ముగ్గురం అక్క వైపు తిరిగాం. ‘నావైపెందుకు చూస్తారే? చీకట్లో కూడానా!’ అంది. సాయంత్రం మా బూట్లు గుమ్మం బయట వరసగా పెట్టించింది తనే మరి.

గుడ్డి కెప్టెన్ క్యాట్ కలలోకి చచ్చిపోయిన రోజీ వచ్చేచోట మాత్రం ఎవరూ కదల్లేదు. తను పుట్టిన సంగతే మర్చిపోయానంటుందామె. పన్నెండేళ్ల కిందట ఆ ముక్క అసలు విన్న గుర్తే లేదు నాకు. తలా ఒక దిక్కున ఉద్యోగాలు, ఇద్దరికి తండ్రులు పోయారు. నాటకం అయిపోయాక కూడా ఎవరూ లైటు వెయ్యలేదు.

పొద్దున బస్టాపులో మళ్లీ వాదన. లారెగబ్‌కి అసలు నమూనా ఈ ఊరా, లేక ఉత్తరాన ఉన్న న్యూ కీ అనే ఊరా అని. థామస్ యుద్ధకాలంలో అక్కడా కాపురమున్నాడు మరి. వచ్చే ఏడు అక్కడికే అని తేల్చారు. ఇంతలో ఎర్ర వ్యాన్ ఆగి పోస్ట్‌మ్యాన్ దిగాడు. నాటకంలో విల్లీ నిల్లీ అనే పోస్ట్‌మ్యాన్ అందరి ఉత్తరాలూ చదివేసి, సంగతి నోటితో చెప్పి మరీ ఇస్తాడు.

గుంటూరోడు నన్ను మోచేత్తో పొడిచాడు. ‘అడగరా, మనకేమన్నా ఉత్తరాలొచ్చాయేమో. చదివే ఉంటాడుగా!’