ట్రాక్షన్ లైటు ఆరకపోతే షోరూముకా, ఆటోనగర్‌కా?

పోయిన వానాకాలం ములుగు నుంచి హనుమకొండకు వస్తున్నాను. గట్టమ్మ గుడి దాటిన కాసేపటికి డ్యాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మ పసుపుపచ్చగా వెలిగింది. చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ దీపం అది. పక్కనే ఏబీఎస్ దీపం కూడా, అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థది. రోడ్డు తడిగా ఉంది కదా, చక్రం జారిందేమో అనుకున్నాను. కానీ చక్రం జారినప్పుడు ఆ దీపం మిణుకుమిణుకుమంటుంది, అంటే తన పని తాను చేస్తోందని అర్థం. ఇది అలా కాకుండా ఆత్మకూరు వచ్చేదాకా వెలుగుతూనే ఉంది. అలా వెలిగితే లోపం ఉన్నట్టే.

కంగారు పడాల్సిన పని లేదు. మామూలు బ్రేకులు పనిచేస్తాయి. ఏబీఎస్ దీపం కూడా వెలిగింది కాబట్టి, గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని కారు జారవచ్చు. నెమ్మదిగా, ముందు బండికి దూరంగా నడుపుకుంటూ ఇల్లు చేరవచ్చు. ఎరుపు బ్రేకు దీపం కూడా వెలిగితే మాత్రం అక్కడే ఆపేయాలి.

ఇల్లు చేరాక ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది అసలు ప్రశ్న. నేను మూడు దారులూ చూశాను.

మొదటిది, ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే చిన్న ఓబీడీ పరికరం, అంటే కారు కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్‌లు చదివేది. మా బావమరిది ఇచ్చాడు. స్టీరింగు కింద ఉన్న సాకెట్‌లో పెడితే 'లోపాలేవీ లేవు' అంది. దీపం వెలుగుతూనే ఉంది! చౌక పరికరాల్లో చాలావరకు పీ అక్షరంతో మొదలయ్యే ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి. చక్రాల వేగం కొలిచే సెన్సర్ల కోడ్‌లు సీ అక్షరంతో ఉంటాయి, అవి ఏబీఎస్ కంప్యూటర్‌లో దాక్కుంటాయి. అలాగని దాన్ని పారేయనక్కర లేదు. ఇంజిన్‌లో ఇంధనం సరిగా మండకపోయినా కొన్ని కార్లు ట్రాక్షన్ కంట్రోల్‌ను ఆపేస్తాయి. ఎందుకంటే చక్రం జారితే ఇంజిన్ బలం తగ్గించడం ఆ వ్యవస్థ చేసే పనుల్లో ఒకటి. ఇంజిన్ దీపం కూడా వెలిగినప్పుడు ఆ చిన్న పరికరం ఉపయోగపడుతుంది.

రెండోది షోరూము సర్వీసు. కారు అప్పగించి, సాయంత్రం వెళితే కాగితం చేతిలో పెట్టారు: ఎడమవైపు ముందు చక్రం సెన్సర్ కోడు వచ్చింది, సెన్సరూ, బేరింగుతో సహా హబ్బూ (చక్రాన్ని బిగించే మధ్యభాగం) మార్చాలి. ఎందుకు అని అడిగితే 'కోడు అదే చెబుతోంది సార్' అన్నారు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. కోడు చెప్పేది ఆ చక్రం నుంచి సంకేతం సరిగా రావడం లేదని మాత్రమే. తప్పు సెన్సర్‌దా, తీగదా, బేరింగుదా, మట్టిదా అన్నది మనిషి వంగి చూసి తేల్చాలి.

మూడోది ఆటోనగర్. ఏబీఎస్ చదివే స్కానర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను వెతుక్కుని వెళ్లాను. అతను కోడు చూసి ఊరుకోలేదు. నన్ను నడపమని, తాను పక్కన స్కానర్ పట్టుకుని కూర్చున్నాడు. తెరమీద నాలుగు చక్రాల వేగాలూ పక్కపక్కనే కనబడుతున్నాయి. మూడు చక్రాలు 20 చూపిస్తుంటే ఎడమ ముందు చక్రం ఒకసారి 20, ఒకసారి సున్నా. స్టీరింగు కుడికి తిప్పినప్పుడల్లా సున్నాకు పడిపోతోంది. 'సెన్సర్ చచ్చిపోతే ఎప్పుడూ సున్నానే వస్తుందన్నా, ఇది తీగ' అన్నాడు.

చక్రం విప్పాడు. లోపల నల్లరేగడి ఎండి ఇటుకలా అతుక్కుని ఉంది. పత్తి చేను గట్టు దాకా కారు తీసుకుపోయిన పుణ్యం నాదే. సెన్సర్ తీసి తుడిచినా ఫలితం లేదు. షాక్ అబ్జార్బర్ పక్కన తీగను పట్టి ఉంచే క్లిప్పు ఊడిపోయి, తీగ అక్కడ రాసుకుంటోంది. పై తొడుగు చీలి, లోపలి రాగి ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. వేలితో కదిపితే తెరమీద అంకె ఎగిరి పడింది. అతికించమన్నాను. స్టీరింగు తిప్పిన ప్రతిసారీ ఆ తీగ వంగుతుంది, అతుకు ఎక్కువ కాలం నిలవదన్నాడు. సెన్సర్ తీగతో సహా వస్తుంది, దాన్నే మార్చాం. క్లిప్పు కూడా కొత్తది వేశాడు. హబ్బు జోలికి పోలేదు.

కాబట్టి ఇలాంటి లోపానికి నా ఓటు ఆటోనగర్‌కే, ఒక షరతు మీద: నాలుగు చక్రాల వేగాలు తెరమీద చూపించగలగాలి. కోడు తుడిచేసి 'అయిపోయింది' అనే వాళ్ల దగ్గర ఆగకండి, రెండు రోజుల్లో దీపం మళ్లీ వస్తుంది. బేరింగు మార్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. చాలా కొత్త కార్లలో బేరింగుకు ఒక పక్క అయస్కాంతపు వలయం ఉంటుంది, ఆ పక్క సెన్సర్ వైపు రావాలి. తిరగేసి కొడితే కొత్త బేరింగుతోనే దీపం వెలుగుతుంది.

షోరూము మేలైన సందర్భాలూ ఉన్నాయి. వారంటీ ఉంటే రెండో ఆలోచన వద్దు. చక్రాల అలైన్‌మెంట్ చేయించిన మర్నాడే దీపం వస్తే, స్టీరింగు కోణం కొలిచే సెన్సర్‌కు సున్నా స్థానం మళ్లీ నేర్పాల్సి రావచ్చు. ఏబీఎస్ కంప్యూటరే పోయిందని తేలితే కొత్తదానికి కారు వివరాలు ఎక్కించాలి. ఇలాంటి వాటికి కంపెనీ పరికరం ఉన్నచోటే మంచిది.

ఎక్కడికీ కదలకముందు ఇంట్లో చేసుకోగలిగినవి మూడు. నాలుగు టైర్లలో గాలి, నాలుగూ ఒకే సైజా అన్నది, బ్యాటరీ. రాత్రంతా ఆగిన కారు బ్యాటరీ 12 వోల్టుల కంటే కిందికి పడితే, స్టార్ట్ చేసేటప్పుడు ఈ దీపాలు ఊరికే వెలగవచ్చు.

మరమ్మతు అయ్యాక దీపం వెంటనే ఆరలేదు. మోసపోయానా అనిపించింది. చక్రాలు తిరిగితే గానీ కంప్యూటర్ నమ్మదని, కాస్త నడపమని చెప్పాడు. గేటు దాటి రోడ్డెక్కి వేగం అందుకోగానే రెండు దీపాలూ ఒక్కసారే ఆరిపోయాయి.