మేకు కొట్టకూడని ఇంటి కోసం బొమ్మల ఊళ్ళ తిరుగుడు

పది బై పన్నెండు హాలు, అద్దె ఇల్లు, గోడకి మేకు కొట్టకూడదు, రంగు మార్చకూడదు. హైదరాబాద్‌లో మాలాంటి వాళ్ళు చాలామంది ఉండేది ఇలాంటి ఇళ్ళలోనే. చిన్న ఇల్లు కదా, అన్నీ తెల్లగా, లేతగా పెట్టుకోండి, విశాలంగా కనిపిస్తుంది అని అడక్కపోయినా చెప్పేవాళ్ళుంటారు. అలాంటి గదిలో కూర్చుంటే నాకు ఆస్పత్రి వరండాలో టోకెన్ పట్టుకుని కూర్చున్నట్టుంటుంది. చిన్న గదిలో ఇరవై చిన్న వస్తువులు పెడితే ఇరుకు. గాఢమైన రంగుల్లో ఒకటో రెండో పెద్దవి పెడితే ఆ గదికో కళ వస్తుంది. అయితే మనకి కావలసిన కొలతలో, కావలసిన రంగులో షోరూముల్లో దొరకదు. అందుకే సెలవు దొరికినప్పుడల్లా మా ఆయనా నేనూ అవి తయారయ్యే ఊళ్ళకే వెళ్ళొచ్చాం. హ్యాండ్‌బ్యాగ్‌లో టేపు, ఫోన్లో ప్రతి గోడ ఫొటో ఉంటే చాలు, పనివాళ్ళతో మాట సులువు.

వీటిలో నాకు బాగా నచ్చింది ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది, విశాఖ నుంచి 60 కిలోమీటర్ల పైచిలుకు. రైల్లో వెళ్తే నర్సీపట్నం రోడ్డు స్టేషన్‌లో దిగి ఆటో మాట్లాడుకోవాలి. నర్సీపట్నం ఊరు ఆ స్టేషన్‌కి చాలా దూరం, పేరు చూసి కంగారుపడొద్దు. ఇక్కడి లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. సహజ రంగులని మళ్ళీ ఈ పనిలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

పని చూడ్డానికే ఓ పూట కేటాయించుకోండి. అంకుడు కర్ర ముక్కని మోటారు మీద గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కుతారు. ఆకారం వచ్చాక, తిరుగుతున్న కర్రకే రంగు లక్క కడ్డీని ఆనించి పట్టుకుంటారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. బ్రష్షూ లేదు, ఆరబెట్టడమూ లేదు. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. పసుపు నుంచి పసుపు రంగు, నీలిమందు నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ. ఈ రంగుల్లో ఓ నిండుదనం ఉంది. ప్లాస్టిక్ మెరుపులా కళ్ళలో పొడవవు.

నేను బొమ్మల కోసం వెళ్ళలేదు. మా ఇంటి బీరువా, వంటింటి అరల తలుపులకి ఉన్న స్టీలు పిడులు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకటి ఊడదీసి పట్టుకెళ్ళి, దీని మరకి సరిపోయేలా చెయ్యగలరా అని ఓ కార్ఖానాలో అడిగా. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదెంత పనమ్మా, రంగులు చెప్పండి చాలు" అన్నాడు. ఏ రెండూ ఒకేలా ఉండకూడదన్నా. ఆ మాటకి ఆయనకి హుషారొచ్చింది. ఒకటి బొంగరంలా, ఒకటి గుమ్మడికాయలా, ఒకటి ఎర్ర చారల తలపాగాలా వచ్చాయి. గోడకి మేకు తగలకుండా వంటిల్లంతా మారిపోయింది. పాత స్టీలు పిడులు డబ్బాలో దాచా, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మళ్ళీ బిగిస్తే ఓనరాంటీకి అభ్యంతరం ఉండదు. ఒక జాగ్రత్త: లక్కకి వేడి పడదు, పొయ్యి పక్క అరలకి మాత్రం వీటిని పెట్టకండి. ఆర్డరు పని కాబట్టి అక్కడికక్కడే చేతికి రాదు, పార్సిల్‌లో వస్తుంది. అంకుడు కర్ర దొరకడం కష్టమవుతోందని అందరూ అంటున్నారు, కాబట్టి పెద్ద సైజు ఏదైనా కావాలంటే ముందే ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

ఊళ్ళో బస గురించి పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. విశాఖలో హోటలు తీసుకుంటే సౌకర్యమే గానీ పొద్దున్నే హైవే మీద ట్రాఫిక్ తినేస్తుంది. మేం అన్నవరంలో కొండ మీద సత్రంలో గది తీసుకున్నాం. మంచం, ఫ్యాను, శుభ్రమైన బాత్రూం, పొద్దున్నే విస్తరాకులో ప్రసాదం, ఇంతకన్నా ఏం కావాలి? కాకపోతే అన్నవరంలో పెళ్ళి ముహూర్తాలున్న రోజుల్లో గది దొరకడం అసాధ్యం. పంచాంగం చూసుకుని టిక్కెట్లు కొనండి.

ఇక నిమ్మలకుంట. శ్రీ సత్యసాయి జిల్లా, ధర్మవరం దగ్గర. కాచిగూడలో రాత్రి బెంగళూరు వైపు రైలెక్కితే ధర్మవరంలో దిగొచ్చు, అక్కణ్ణించి ఆటో. తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలు స్థిరపడ్డ ఊరిది. ఇక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటకి పిలుపులు తగ్గాక, అదే మేకతోలుతో లాంతరు తొడుగులు, గోడకి పెట్టే బొమ్మలు చేస్తున్నారు. ఇంటి వరండాలోనే పని. శుభ్రం చేసిన తోలు మీద బొమ్మ గీసి, సన్నటి ఉలుల్ని సుత్తితో కొడుతూ నగలకీ, చీర అంచులకీ చిల్లులు పెడతారు. పగలు చూస్తే మామూలు రంగు బొమ్మే. లోపల బల్బు వెలిగిస్తే ఎరుపూ ఆకుపచ్చా ఒక్కసారిగా నిప్పందుకుంటాయి, చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు గోడంతా పరుచుకుంటాయి. మా హాల్లో ఓ మూల నేల మీద పెట్టిన లాంతరు ఒక్కటే గోడ అలంకరణ అంతా చూసుకుంటోంది. ఎల్‌ఈడీ బల్బే వాడాలి, వేడెక్కే బల్బు పెడితే తోలు ముడుచుకుంటుంది.

రాముడూ సీతా, నెమళ్ళూ చిలకలూ అందరూ కొంటారు. నాకు కావలసింది కేతిగాడు, బంగారక్క. ఆట మధ్యలో వచ్చి మోటు సరసాలతో జనాన్ని నవ్వించే జంట. వాళ్ళని అడిగేసరికి ఆ ఇంటి పెద్దాయన పగలబడి నవ్వి, "వాళ్ళని ఇంట్లో పెట్టుకుంటావామ్మా? కొట్లాడుకుంటారు సూడు" అన్నాడు. ఇద్దర్నీ తెచ్చి ముందు తలుపు వెనక హుక్కుకి ఎదురెదురుగా తగిలించాం. వచ్చిన వాళ్ళు చెప్పులు వేసుకుంటూ వాళ్ళని చూసి నవ్వకుండా వెళ్ళరు. కొత్తలో కొంచెం తోలు వాసన ఉంటుంది, కొన్నాళ్ళకి పోతుంది. వానాకాలం తేమ తగలనివ్వకూడదు.

ధర్మవరంలో స్టేషను దగ్గర ఓ లాడ్జిలో దిగాం. పేరెందుకులెండి. వేణ్ణీళ్ళు బకెట్ లెక్కన, అదీ మూడుసార్లు అడిగితే. దుప్పటి మాదే వాడుకున్నాం. రాత్రి ఒక్కటి గడపడానికి పరవాలేదు, పిల్లలతో వెళ్ళేవాళ్ళు అనంతపురంలో ఉండటం నయం. పొద్దున తిన్న ఉగ్గాని, మిరపకాయ బజ్జీ మాత్రం గది సంగతి మరిపించింది. తిరుగు ప్రయాణంలో లాంతరుకి కింది బెర్తు ఇచ్చి మేం సర్దుకుని కూర్చున్నాం. ఓ కొరియర్ వాళ్ళు దాన్ని చూసి, పగిలితే మాది పూచీ కాదని ముందే చెప్పేశారు మరి.

కొండపల్లి గురించి రెండు ముక్కలు చాలు. విజయవాడ నుంచి పూటలో వెళ్ళి రావచ్చు, బస విజయవాడలోనే. చిన్న ఇంటివాళ్ళు పెళ్ళి సెట్టు, దశావతారాల సెట్టు వైపు చూడకండి, దుమ్ము దులపలేక చస్తారు. తాటిచెట్టెక్కుతున్న గీత కార్మికుడి బొమ్మ తీసుకోండి. ఎత్తు బాగా ఉంటుంది, చోటు పెద్దగా ఆక్రమించదు, తెల్లపొణికి కర్ర కాబట్టి తేలిక. మేం టీవీ పక్కన నిలబెట్టాం. దుకాణాల్లో ధర ఒకచోట చెప్పింది ఇంకోచోట ఉండదు, నాలుగు మెట్లెక్కి దిగాల్సిందే. ఓపికుంటే పైన కోటకి కూడా వెళ్ళండి.

వరంగల్ అయితే పొద్దున రైలెక్కి సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన నూలు జంపఖానాలు కొత్తవాడలో నేస్తారు. నలుపూ, ముదురు గులాబీ, పసుపూ కలిసిన త్రికోణాల డిజైనుది మా హాలు కొలతకి తీసుకున్నాం. రెండువైపులా పరచుకోవచ్చు. మొదటిసారి విడిగానే ఉతకాలి. ఇది నేల మీదికొచ్చాక సోఫా మీద ఏ గుడ్డ వేసినా నడుస్తోంది, అసలు గోడల తెలుపు కంటికే ఆనడం లేదు.

తిరిగే వీల్లేనివాళ్ళకి హైదరాబాద్‌లో గోల్కొండ, లేపాక్షి హస్తకళల షోరూములున్నాయి, శిల్పారామం ఉంది. వస్తువు మంచిదే దొరుకుతుంది. కానీ అక్కడ బంగారక్క కావాలంటే దొరుకుతుందన్న భరోసా లేదు, బీరువా పిడి పట్టుకెళ్తే దాని మర కొలిచేవాళ్ళూ ఉండరు.