నిద్రలేచాక నల్లతెర: పీఎం_టెస్ట్, ఆర్‌టీసీవేక్‌లతో రెండేళ్లు

అనంతపురం చుట్టుపక్కల చీనీ (బత్తాయి) తోటల్లో డ్రిప్ కంట్రోలర్లు పెట్టే చిన్న పని మాది. డబ్బాలో ఎంబెడెడ్ లినక్స్ బోర్డు, ఏడంగుళాల డీఎస్ఐ (బోర్డు నుంచి తెరకు బొమ్మ పంపే లైన్) తెర, సోలార్ బ్యాటరీ. ఎవరూ ముట్టుకోనప్పుడు బోర్డు సస్పెండ్‌లోకి, అంటే కరెంటు ఆదా చేసే నిద్రలోకి, పోవాలి, బటన్ నొక్కితే లేవాలి. రెండేళ్ల కింద ఒక రైతు ఫోన్ చేసి "నీళ్లయితే పోతాండాయి సామీ, డబ్బా మాత్రం కండ్లు తెర్సల్యా" అన్నాడు. ఆ ఒక్క మాటలో సగం డయాగ్నోసిస్ అయిపోయింది: బోర్డు లేచింది, తెర లేవలేదు.

అప్పటి నుంచి ఈ జబ్బులకు నేను వాడుతున్నవన్నీ ఊరికే దొరికే సామాన్లే. కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) కట్టేటప్పుడు పీఎం_డీబగ్ అనే ఆప్షన్ ఆన్ చేసుకుంటే, సస్పెండ్‌ను పరీక్షించే పీఎం_టెస్ట్ వస్తుంది. బూట్ లైన్‌లో (కెర్నెల్ మొదలయ్యేటప్పుడు ఇచ్చే ఆప్షన్లలో) నో_కన్సోల్_సస్పెండ్ పెడితే సీరియల్ కన్సోల్ (వైరు ద్వారా మెసేజ్‌లు చూసే దారి) మధ్యలో నోరు మూసుకోకుండా చివరిదాకా మెసేజ్‌లు ఇస్తుంది, అది లేకుండా పని మొదలుపెట్టొద్దు.

పీఎం_టెస్ట్ సస్పెండ్‌ను మెట్టు మెట్టుగా చేయిస్తుంది. ఫ్రీజర్ (ప్రోగ్రామ్‌లను ఆపడం), డివైసెస్ (పరికరాలను పడుకోబెట్టడం), ఆ తర్వాత ప్లాట్‌ఫామ్, ప్రాసెసర్స్, కోర్. ఏది రాస్తే అక్కడిదాకా వెళ్లి, ఐదు సెకన్లు ఆగి, వెనక్కి వస్తుంది. బోర్డు ఇరుక్కుపోయే కేసుల్లో దీన్ని మించింది లేదు. ఒకసారి టచ్ డ్రైవర్, ఐ2సీ బస్సు (చిప్‌లు మాట్లాడుకునే లైన్) నిద్రపోయాక కూడా చదవబోయి మొత్తం సిస్టమ్‌ను పట్టుకుని కూర్చుంటే పావుగంటలో దొరికిపోయింది.

కానీ ఈ నల్లతెర విషయంలో నన్ను నాలుగు రోజులు తిప్పింది. డివైసెస్ మెట్టులో తెర ప్రతిసారీ చక్కగా వచ్చేది, నిజం సస్పెండ్‌లో ఒక్కసారీ రాలేదు. కెర్నెల్ లోపలి సంగతులు చూపే డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో డీఆర్‌ఎం (తెరను నడిపే భాగం) స్టేట్ తీస్తే అంతా యాక్టివ్ అనే ఉంది, అంటే కెర్నెల్ లెక్కలో తెర వెలుగుతూనే ఉంది! తోటలో ఎండకు కనపడలేదు గానీ, చీకటి పడ్డాక చూస్తే బ్యాక్‌లైట్ మసకగా వెలుగుతోంది, బొమ్మే లేదు. సరే, బ్యాక్‌లైట్ తప్పు కాదు.

అసలు సంగతి ఏంటంటే, పానెల్‌కు కావాల్సిన మొదటి కమాండ్లన్నీ బూట్‌లోడర్ (కెర్నెల్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్) పంపేది, తన లోగో చూపించుకోవాలి కదా. మా డ్రైవర్ స్లీప్ అవుట్, డిస్‌ప్లే ఆన్ అనే రెండు కమాండ్లు పంపి క్రెడిట్ కొట్టేసేది. పీఎం_టెస్ట్‌లో పానెల్‌కు కరెంటు పోదు, సెట్టింగులు దాచుకున్న రిజిస్టర్లు చెరిగిపోవు, కాబట్టి ఆ రెండూ చాలు. నిజం సస్పెండ్‌లో పవర్ చిప్ ఆ లైన్‌నే కోసేస్తుంది, లేచాక పానెల్‌కు తానెవరో గుర్తుండదు. ఇప్పుడు కొత్త బోర్డు వస్తే సస్పెండ్ జోలికి పోకముందే బూట్‌లోడర్‌లో డిస్‌ప్లే తీసేసి బూట్ చేస్తాను. తెర నల్లగా ఉందంటే డ్రైవర్ ఊరికే పేరు కొట్టేస్తోందని అర్థం. ఆ రోజు ఇది తట్టి ఉంటే నాలుగు రోజులు మిగిలేవి.

కమాండ్లన్నీ డ్రైవర్‌లోకి తెచ్చాక కూడా ఎప్పుడో ఒకసారి నల్లతెర వచ్చేది. ఇక్కడ ఆర్‌టీసీవేక్, అంటే బోర్డును పడుకోబెట్టి దాని గడియారం (ఆర్‌టీసీ) అలారంతో లేపే కమాండ్, ఆదుకుంది. పది సెకన్లు పడుకో, లే, మళ్లీ పడుకో అని రాత్రంతా లూప్ పెట్టి, ఎదురుగా పాత ఫోన్‌తో టైమ్‌లాప్స్ వీడియో తీశాను, ఎందుకంటే తెర నిజంగా వెలిగిందో లేదో చెప్పడానికి లాగ్‌కు కళ్లు లేవు. పొద్దున వీడియో పరిగెత్తిస్తే అక్కడక్కడా నలుపు. డేటాషీట్ స్లీప్ అవుట్ తర్వాత 120 మిల్లీసెకన్లు ఆగమంటే, మా వాళ్లు 20 రాశారు. "మా వాళ్లు" అంటే నేనే.

ఆర్‌టీసీవేక్‌కు పూర్తి మార్కులు, బోర్డులో ఆర్‌టీసీకి నిద్రలేపే వైరింగ్ ఉంటేనే అనుకోండి. పీఎం_టెస్ట్‌కు మాత్రం ఒక మార్కు కోస్తా. దాంట్లో రాసింది మళ్లీ నన్ అని మార్చేదాకా, లేదా రీబూట్ అయ్యేదాకా, అలాగే ఉంటుంది. మొన్న శింగనమల వైపు ఒక తోటలో బోర్డు పడుకున్న ఐదు సెకన్లకే లేచి కూర్చుంటుంటే బటన్ మార్చాను, వైర్లు మార్చాను, మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. పొద్దున నేనే డివైసెస్ అని రాసి వదిలేశాను.